బోటు వణుకుతుంటే ప్రొపెల్లర్ విప్పకముందే చేయాల్సిన పరీక్షలు

కొన్నేళ్ల కింద విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా బంధువుల బోటు ఒకటి వణకడం మొదలుపెట్టింది. ఇంజన్ 1300 ఆర్‌పీఎం దాటితే చాలు, వీల్‌హౌస్ అద్దాలు గలగలమనేవి, స్టవ్ మీద గిన్నె దానంతటదే పక్కకు జరిగేది. అందరూ ప్రొపెల్లర్‌నే అనుమానించారు. బోటును పైకి లాగి, ప్రొపెల్లర్ విప్పి, రెక్కలు సరిచేయించి, బ్యాలెన్స్ చేయించి బిగించారు. నీళ్లలోకి దింపితే వణుకు అలాగే ఉంది. మళ్లీ లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆనుకుని తిరిగే రబ్బరు బుష్ కొత్తది వేశారు. అయినా తగ్గలేదు. చివరికి బోటు నీళ్లలో ఉండగానే గేర్‌బాక్స్‌ను షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ బోల్టులు వదులు చేసి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే పైన అర మిల్లీమీటరు సందు ఉంది, కింద అసలు లేదు. ఇంజన్ ముందు కాళ్ల కింద చెక్క మెత్తబడి, ఇంజన్ ముందుకు దిగిపోయింది. బోటును ఒడ్డెక్కించే స్లిప్‌వే ఖర్చు రెండుసార్లు, వారాల కొద్దీ వేట నష్టం. అసలు జబ్బు జెట్టీలో కట్టేసి ఉండగానే ఒక పూటలో దొరికేది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. బోటును పైకి లాగితే సగం సాక్ష్యం పోతుంది. వణుకు నీళ్లలో, లోడు మీద, ఒక స్పీడు దగ్గర వస్తుంది. దాన్ని అక్కడే చూడాలి, అక్కడే లెక్కపెట్టాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనిచేసే మన శ్రీకాకుళం వాళ్లకైతే అక్కడి నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది. ఆ రోజుల్లో బోట్లు వరుసగా పైకెక్కుతాయి. ఎక్కించడానికి ముందు రోజే ఈ పరీక్షలు చేసుకుంటే పైన ఏం విప్పాలో, ఏం విప్పక్కర్లేదో తెలిసిపోతుంది.

ఇక్కడ రాసేది ముఖ్యంగా లోపల డీజిల్ ఇంజన్, వెనుక గేర్‌బాక్స్, కప్లింగ్, షాఫ్ట్, ఆ షాఫ్ట్ పొట్టు దాటి బయటికి వెళ్లే స్టెర్న్ ట్యూబ్, బుష్, చివర ప్రొపెల్లర్ ఉండే బోట్ల గురించి. ట్రాలర్లు, గోదావరి లాంచీలు, పెద్ద ప్యాసింజర్ బోట్లు అన్నీ ఇందులోకే వస్తాయి. ఔట్‌బోర్డ్ మోటార్ల సంగతి చివర్లో విడిగా చెబుతాను.

## ముందు ప్రాణం సంగతి

తిరుగుతున్న షాఫ్ట్ దగ్గరికి లుంగీతో, మెడలో తువ్వాలుతో వెళ్లొద్దు. కప్లింగ్ బోల్టు తలకు గుడ్డ కొస తగిలితే మనిషిని లాగేసుకోవడానికి రెప్పపాటు చాలు. ప్యాంటు, ఒంటికి అతుక్కునే చొక్కా వేసుకోండి. ఇంజన్ ఆపి చేసే పనుల్లో తాళం చెవి కిందికి దిగిన మనిషి జేబులోనే ఉండాలి. సెల్ఫ్ స్టార్టర్ ఉంటే బ్యాటరీ వైరు కూడా తీసేయండి. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న వల కోయడానికి నీళ్లలోకి దిగేవాళ్లుంటే పైన ఒక మనిషి ఇంజన్ గది తలుపు దగ్గరే కూర్చుని ఉండాలి, వేరే పని పెట్టుకోకూడదు.

## మొదటి అడుగు: వణుకు ఎప్పటి నుంచి?

పానా పట్టుకునే ముందు సరంగుతో, ఇంజన్ చూసుకునే డ్రైవర్‌తో ఒక పావుగంట కూర్చోండి. వణుకు ఒక్కసారిగా వచ్చిందా, నెమ్మదిగా పెరిగిందా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో అనుమానాలు సగానికి తగ్గిపోతాయి.

వేట మధ్యలో ఒక్కసారిగా వస్తే వల, తాడు, ప్లాస్టిక్ గోనె చుట్టుకుని ఉండొచ్చు. దుంగకో బండకో తగిలి రెక్క వంగి ఉండొచ్చు. గోదావరి, కృష్ణ మొగల దగ్గర ఇసుక మేట మీద బోటు కూర్చుంటే రెక్కల అంచులు తిరిగిపోతాయి, ఒక్కోసారి షాఫ్టే వంగుతుంది. ఇలాంటి దెబ్బ తగిలిందని మనుషులు వెంటనే చెప్పరు. కోప్పడకుండా అడగండి.

నెలల తరబడి నెమ్మదిగా పెరిగితే బుష్ అరుగుదల, రబ్బరు మౌంట్లు చావడం, ఇంజన్ బెడ్ కుంగడం లాంటివి చూడాలి. రిపేరు చేసి దింపిన మర్నాడే వచ్చిందంటే ఆ రిపేరులో ముట్టుకున్నవే మొదటి ముద్దాయిలు: కప్లింగ్ విప్పారా, ప్రొపెల్లర్ తీసి బిగించారా, ఇంజన్ కిందికి దించారా? ఏమీ ముట్టుకోలేదు, పెయింటు మాత్రమే వేశామంటే పొట్టుకు కింద పెట్టిన దిమ్మెలు సరిగ్గా లేక బోటు ఆకారం కాస్త మారి ఉండొచ్చు. చెక్క బోటైతే ఎండలో ఆరి, నీళ్లలో దిగాక మళ్లీ ఉబ్బుతుంది. అలాంటి బోటును తీర్పు చెప్పే ముందు రెండు రోజులు నీళ్లలో ఉండనివ్వండి.

## రెండో అడుగు: న్యూట్రల్‌లో ఇంజన్

బోటును జెట్టీకి కట్టేసి, ఇంజన్ వేడెక్కాక గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఐడిల్ నుంచి 100 ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర అర నిమిషం ఆగండి. వణుకు ఇక్కడే వస్తే షాఫ్ట్‌కు, ప్రొపెల్లర్‌కు సంబంధం లేదు. అవి తిరగడమే లేదు కదా. జబ్బు ఇంజన్‌లో ఉంది, లేదా ఇంజన్ కూర్చున్న చోట ఉంది.

ఐడిల్‌లో దడదడ కొట్టి 900 దాటాక సర్దుకుంటే ఒక సిలిండర్ సరిగ్గా మండటం లేదేమో చూడండి. మౌంట్ రబ్బరు డీజిల్ తాగి మెత్తబడినా ఇలాగే ఉంటుంది. పాత రకం పంపు ఉన్న ఇంజన్లలో మెకానిక్‌లు ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేసి చూస్తారు. మంచి సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజన్ గొంతు మారుతుంది, స్పీడు పడుతుంది. చెడ్డ సిలిండర్‌ది వదులు చేసినా ఏమీ మారదు. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది కాబట్టి అలవాటున్న మెకానిక్ చేతనే చేయించండి. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్ మీద ఈ పని అసలు చేయకూడదు.

ఐడిల్‌లో గేర్‌బాక్స్ మూతి దగ్గర గింజలు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడొచ్చి, కాస్త స్పీడు పెంచగానే ఆగిపోతే ఫ్లైవీల్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య ఉండే డ్యాంపర్ ప్లేటు స్ప్రింగులు చచ్చిపోయినట్టు. ఇది ప్రొపెల్లర్ వణుకు కాదు, కానీ వదిలేస్తే గేర్‌బాక్స్‌ను తినేస్తుంది.

న్యూట్రల్‌లో అంతా నున్నగా ఉంటే ఇంజన్ పూర్తిగా నిర్దోషి అని కాదు. లోడు లేనప్పుడు దాక్కునే జబ్బులు ఉంటాయి. అయినా అనుమానం కప్లింగ్ వెనక్కి జరిగినట్టే.

## మూడో అడుగు: గేరులో, నీళ్ల మీద

ఒక నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని హార్బర్ బయటికి వెళ్లండి. కెరటాలు తక్కువగా ఉండే తెల్లవారుజాము మంచిది. ఫార్వర్డ్ గేరులో మళ్లీ 100 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర వణుకు ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. ఇంజన్ గదిలో ఒక మనిషి, వెనుక చుక్కాని దగ్గర ఒక మనిషి ఉండి విడివిడిగా రాసుకోవాలి. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించుకోకపోతే ఇంకా మంచిది.

ఆ అంకెల వరుస చాలా చెబుతుంది. స్పీడుతో పాటు అంతకంతకూ పెరుగుతూ పోతే బరువు తేడా ఉన్నట్టు. తిరిగేదానిలో ఒకవైపు బరువెక్కువుంటే అది బయటికి లాగే బలం స్పీడు రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. అందుకే విరిగిన రెక్క కొన, సగం కరిగిన షాఫ్ట్ జింకు (తుప్పు నుంచి కాపాడే ముక్క) లాంటివి కింది స్పీడులో కనిపించవు, పై స్పీడులో భరించలేం.

ఏదో ఒక స్పీడు దగ్గర, ఉదాహరణకు 1100 నుంచి 1200 మధ్య మాత్రమే వచ్చి పైన తగ్గిపోతే అది అనునాదం. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఎంత చిన్న తోపుకైనా పెద్దగా ఊగినట్టు, బోటులో ఏదో ఒక భాగం ఆ స్పీడు దగ్గర తాళం కలుపుతోంది. వదులైన ఇంజన్ కాలు, పొట్టు బయట షాఫ్ట్‌ను పట్టి ఉంచే పీ-బ్రాకెట్‌లో పగులు, సన్నని డెక్ పలక ఏదైనా కావచ్చు. చేయి పెట్టి వెతికితే దొరుకుతుంది.

తిరిగినప్పుడే వణికితే చుక్కాని, దాని బుష్‌లు చూడండి. వెనుక గేరులో మాత్రమే వణికితే అంత కంగారు అక్కర్లేదు. అప్పుడు ప్రొపెల్లర్‌కు నీరు సరిగ్గా అందదు కాబట్టి కొంత వణుకు సహజం. పూర్తి స్పీడులో వెనుక పొట్టు మీద గులకరాళ్లు విసిరినట్టు చప్పుడు వస్తుంటే నీరు రెక్కల మీద బుడగలై పేలుతోంది, దాన్నే కావిటేషన్ అంటారు. ఇంజన్ నల్లపొగ కక్కుతూ, తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేకపోతే ప్రొపెల్లర్ ఆ ఇంజన్‌కు పెద్దది, లేదా పిచ్ (రెక్కల మెలిక, అంటే ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం) ఎక్కువ. లేకపోతే పొట్టు నిండా గుల్లలు పట్టి ఉన్నాయి.

ఇంకొక చిన్న పరీక్ష. బాగా వణికే స్పీడులో ఉండగా థ్రాటిల్ తగ్గించి న్యూట్రల్‌కు తెండి. బోటు ఇంకా ముందుకు జారుతుంది, నీటి తోపుకు షాఫ్ట్ కాసేపు తిరుగుతుంది. వణుకు అప్పటికప్పుడు మాయమైతే లోడు వల్ల వచ్చేదాని వైపు, ఆ కాసేపు కూడా కొట్టుకుంటూ ఉంటే వంగిన షాఫ్ట్, బరువు తేడా వైపు అనుమానం మొగ్గుతుంది. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

## నాలుగో అడుగు: సెకనుకు ఎన్నిసార్లు?

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే. మన దగ్గర అందరూ వదిలేసే అడుగూ ఇదే. ఒకప్పుడు దీనికి ఖరీదైన యంత్రం కావాలి. ఇప్పుడు జేబులో ఫోను చాలు. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో త్వరణం స్పెక్ట్రమ్ చూపించే ప్రయోగం ఒకటి ఉంది. ఫోనును గేర్‌బాక్స్ పక్కన ఇంజన్ బెడ్ మీద రెండువైపులా అంటుకునే టేపుతో గట్టిగా అతికించి, స్పీడు కదలకుండా పట్టి, ఒక నిమిషం నడపండి. సెకనుకు ఎన్ని ఊపుల దగ్గర శిఖరం లేచిందో తెర మీద కనిపిస్తుంది. సెకనుకు ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్.

ఇప్పుడు లెక్క. మీ ఇంజన్ ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్, 1800 ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ 3:1, ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు అనుకుందాం. 1800ను 60తో భాగిస్తే ఇంజన్ సెకనుకు 30 చుట్లు. గేర్‌బాక్స్ దాటాక షాఫ్ట్ సెకనుకు 10 చుట్లు. నాలుగు రెక్కలు కాబట్టి పొట్టు వెనుక నుంచి సెకనుకు 40 సార్లు రెక్క దాటుతుంది.

శిఖరం 10 దగ్గర ఉంటే షాఫ్ట్ ఒక చుట్టుకు ఒకసారి కొడుతోంది. వంగిన షాఫ్ట్, ప్రొపెల్లర్ బరువు తేడా, ఒక రెక్కకు మాత్రమే దెబ్బ, షాఫ్ట్ మీద వంకరగా కూర్చున్న ప్రొపెల్లర్ ఈ కోవలోవి. 20 దగ్గర ఉంటే, అంటే చుట్టుకు రెండుసార్లైతే, కప్లింగ్ వరుస తప్పడాన్ని ముందు చూడండి. రెండు కొసలా కీళ్లుండే కార్డన్ షాఫ్ట్ ఉన్న బోట్లలో ఆ కీళ్లు, అంటే యూనివర్సల్ జాయింట్లు కూడా ఇలాగే కొడతాయి. జాయింట్ల రెండు కొసల కోణాలు సమానంగా లేకపోతే, యోక్‌లు (జాయింటును పట్టే చీలిక కొసలు) ఒకే వరుసలో బిగించకపోతే చుట్టుకు రెండుసార్లు తోపు తప్పదు. 40 దగ్గర ఉంటే రెక్కలకు, పొట్టుకు మధ్య గొడవ: రెక్క కొనకు, పొట్టుకు సందు చాలదు, లేదా ప్రొపెల్లర్‌కు ముందున్న కీల్ వల్ల నీరు చీలి వస్తోంది.

ఇంజన్ వైపు లెక్క వేరు. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్‌లో ఒక చుట్టుకు మూడు మంటలు, అంటే సెకనుకు 90. ఇది ఎప్పుడూ ఉండేదే. ఒక సిలిండర్ చెడితే రెండు చుట్లకు ఒకసారి లోటు పడుతుంది కాబట్టి 15 దగ్గర శిఖరం లేస్తుంది. 90 చూడాలంటే ఫోను సెన్సర్ సెకనుకు కనీసం 180 సార్లు కొలవగలగాలి. కొన్ని ఫోన్లు కొలవలేవు. కానీ మనకు కావాల్సినవి చాలావరకు 50 లోపే ఉంటాయి.

ఒక చిక్కు. 3:1 గేర్‌బాక్స్‌కు మూడు రెక్కల ప్రొపెల్లర్ ఉంటే రెక్కలు దాటే లెక్క కూడా 30, ఇంజన్ చుట్లు కూడా 30. రెండూ ఒకచోటే పడతాయి, ఫోను వేరు చేయలేదు. అప్పుడు రెండో అడుగులో న్యూట్రల్ పరీక్ష రాసిన కాగితం తీయండి. 1800 దగ్గర న్యూట్రల్‌లో 30 లేకుండా, గేరులో మాత్రమే ఉంటే రెక్కలవైపే వెళ్లాలి. ఇంకొకటి, మీటరులో చూపే ఆర్‌పీఎం పాత బోట్లలో నమ్మలేం. షాఫ్ట్‌కు మెరిసే టేపు ముక్క అంటించి, లైటుతో కొలిచే చేతి టాకోమీటరుతో ఒకసారి సరిచూసుకుంటే లెక్క తప్పదు.

## ఐదో అడుగు: లోపల కళ్లతో, చేతితో

షాఫ్ట్ పక్కన ఒక చెక్క ముక్కను గట్టిగా బిగించి, దాని కొన షాఫ్ట్‌కు వెంట్రుక దూరంలో ఉండేలా పెట్టండి. ఇంజన్ ఆపి, షాఫ్ట్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఆ సందు చూడండి. సందు ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గుతుంటే షాఫ్ట్ వంగింది, లేదా కప్లింగ్ వంకరగా కూర్చుంది. డయల్ గేజ్ ఉంటే అంకె కూడా దొరుకుతుంది. షాఫ్ట్ మీద గరుకు, తుప్పు చుక్కలు లేని చోటే కొలవండి.

షాఫ్ట్ చుట్టూ నీరు లోపలికి రాకుండా ఆపే గ్లాండ్ దగ్గర చూడండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు గ్లాండ్ ప్యాకింగ్ నుంచి నీరు చుక్క చుక్కగా కారాలి. అసలు కారకుండా చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఎవరో అతిగా బిగించారు. ఆ ప్యాకింగ్ షాఫ్ట్‌ను గాడి పడేలా కోస్తుంది. ధారగా కారుతూ, షాఫ్ట్ గ్లాండ్‌లో అటూ ఇటూ ఆడుతూ కనిపిస్తే బిగించి ఊరుకోవద్దు. అక్కడ కారేది జబ్బు కాదు, జబ్బు గుర్తు.

ఇంజన్ కాళ్ల బోల్టుల చుట్టూ ఎర్రటి పొడి లాంటి తుప్పు, మెరిసే గీత కనిపిస్తే ఆ కాలు కదులుతోంది. చెక్క బెడ్ అయితే స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. మొన సులువుగా దిగితే ఎంత బిగించినా లాభం లేదు, ఆ చెక్క మార్చాల్సిందే. గేర్‌బాక్స్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి తెల్లటి గుడ్డ మీద తుడిచి చూడండి. పాలలా ఉంటే నీరు కలిసింది, మెరుపు రజను ఉంటే లోపల ఏదో అరుగుతోంది.

## ఆరో అడుగు: కప్లింగ్ వరుస

ఇక్కడ తొందరపడొద్దు. నేను చూసిన వణుకుల్లో ఎక్కువ శాతం తేలింది ఇక్కడే. ఇక్కడ తప్పు చేస్తే ఆరు నెలల్లో బుష్, గ్లాండ్, గేర్‌బాక్స్ సీలు వరసగా పోతాయి.

మొదటి నియమం: బోటు నీళ్లలో ఉండాలి. స్లిప్‌వే మీద చేసిన అలైన్‌మెంట్ మీద నాకు నమ్మకం లేదు. దిమ్మెల మీద పొట్టు ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో ఇంకో ఆకారంలో. మన బోట్లకు ఇంకో సంగతి కూడా ఉంది. వేటకు వెళ్లేటప్పుడు టన్నుల కొద్దీ ఐసు, డీజిల్, మంచినీళ్లు ఎక్కుతాయి. ఖాళీ బోటులో సరిగ్గా కలిసిన కప్లింగ్ లోడెక్కాక కలవకపోవచ్చు. కాబట్టి డీజిల్ ట్యాంకులు మామూలుగా వేటకు వెళ్లే స్థాయిలో నింపి, వీలైతే ఐసు గదిలో కూడా కొంత బరువు పెట్టి చూడండి.

కప్లింగ్ బోల్టులన్నీ తీసి, షాఫ్ట్‌ను ఒక అంగుళం వెనక్కి జరపండి. ఇప్పుడు షాఫ్ట్ కొస తన బరువుకే కిందికి వాలుతుంది. ఆ వాలిన స్థితిలో కొలిస్తే లెక్క తప్పుతుంది. కొసను కిందికి ఎంతవరకు దిగుతుందో, పైకి ఎంతవరకు లేస్తుందో చూసి, రెండింటికీ మధ్యలో నిలిచేలా చెక్క ఆసరా పెట్టండి. పక్కలకు కూడా ఇలాగే మధ్య చూసుకోండి.

తర్వాత రెండు ఫ్లాంజ్‌లను, అంటే కప్లింగ్‌లో ఎదురెదురుగా ఉండే పళ్లేలను, దగ్గరికి తెండి. ఒక ఫ్లాంజ్ మధ్యలో ఉండే గట్టు రెండోదాని గుంటలోకి బలం వాడకుండా జారాలి. సుత్తి కావాల్సి వస్తే ఇంజన్ ఎత్తు, లేదా పక్క తేడా ఉంది. ముందు దాన్ని సరిచేయండి. గట్టు జారాక, ముఖాలు తాకేంత దగ్గరికి తెచ్చి, గడియారంలో 12, 3, 6, 9 ఉండే నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ పెట్టి సందు రాసుకోండి.

ఎంత తేడా వరకు పర్వాలేదు? చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఇది: ఫ్లాంజ్ వ్యాసం ఎన్ని అంగుళాలో అన్ని థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. ఆరు అంగుళాల ఫ్లాంజ్‌కు 6 థౌ, దాదాపు 0.15 మిల్లీమీటరు. గేర్‌బాక్స్ మాన్యువల్ అంతకంటే తక్కువ చెబితే దాన్నే పాటించండి.

సందు పైన ఎక్కువుంటే ఇంజన్ ముందువైపు దిగింది, ముందు కాళ్లు ఎత్తాలి. కింద ఎక్కువుంటే ముందు కాళ్లు దించాలి. ఎడమ, కుడి తేడా ఉంటే ఇంజన్ ముందు భాగాన్ని పక్కకు జరపాలి. ఒక కాలు కింద షిమ్ (ఎత్తు సరిచేసే సన్నని రేకు) మార్చగానే నాలుగు చోట్లా మళ్లీ కొలవండి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడటం మామూలే. ఓపికే ఇక్కడ పనిముట్టు.

కొలిచాక ఆపేయకుండా ఇంకో పరీక్ష చేయండి. ఇంజన్ వైపు ఫ్లాంజ్ కదలకుండా ఉంచి షాఫ్ట్ వైపు ఫ్లాంజ్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్కువ సందు ఉన్న చోటు 12 గంటల దగ్గరే నిలిచి ఉంటే ఇంజన్ వరుస తప్పింది. ఆ చోటు షాఫ్ట్‌తో పాటు తిరిగి 3 గంటల దగ్గరికి వెళ్తే తప్పు షాఫ్ట్‌లోనే ఉంది: ఫ్లాంజ్ ముఖం వంకర, లేదా షాఫ్ట్ వంగింది. అలాంటప్పుడు ఇంజన్ కింద ఎన్ని షిమ్‌లు మార్చినా ప్రయోజనం లేదు, షాఫ్ట్ లేత్ దగ్గరికి వెళ్లాలి.

## ఏడో అడుగు: స్లిప్‌వే మీద, ఏదీ విప్పకముందు

బోటు పైకొచ్చింది. గుల్లలు గీకేసే ముందు ఫోటోలు తీయండి. రెక్కల మీద ఒకవైపే పట్టిన గుల్లలు కూడా బరువు తేడా తెస్తాయి. చాలాసార్లు శుభ్రం చేస్తేనే వణుకు సగం తగ్గుతుంది. షాఫ్ట్‌కు, బుష్‌కు మధ్య సన్నని నైలాన్ దారం ఇరుక్కుందేమో చూడండి. అది వేడికి కరిగి రబ్బరుకు అతుక్కుపోతుంది, బయటికి కనిపించదు.

ప్రొపెల్లర్ పట్టుకుని షాఫ్ట్‌ను పైకీ కిందికీ, పక్కలకూ ఊపండి. చేతికి తెలిసేలా టకటక ఆడితే బుష్ అయిపోయింది. మార్చేముందు ఆ పాత బుష్ ఎక్కడ అరిగిందో చూడటం మరచిపోవద్దు. చుట్టూ సమానంగా అరిగితే వయసు, ఇసుక కారణం. ఒకవైపే అరిగితే, ముఖ్యంగా ముందు కొస ఒకవైపు, వెనుక కొస ఎదురువైపు అరిగితే షాఫ్ట్ కోణం తప్పి నడిచింది. కారణం వెతక్కుండా కొత్త బుష్ వేస్తే అదీ అలాగే అరుగుతుంది. ఈ రబ్బరు బుష్‌లు నీటితోనే చల్లబడతాయి కాబట్టి ఒడ్డు మీద ఉండగా ఇంజన్ గేరులో వేసి షాఫ్ట్ తిప్పొద్దు.

ప్రొపెల్లర్‌ను షాఫ్ట్ మీద ఉండగానే కొలవొచ్చు. పొట్టుకు ఒక కర్ర బిగించి, దాని మొన ఒక రెక్క ముందు అంచుకు తాకేలా పెట్టండి. ప్రొపెల్లర్ తిప్పి మిగతా రెక్కల అదే చోటు ఆ మొన దగ్గరికి తెచ్చి తేడా కొలవండి. వెనుక అంచుకు, కొనకు కూడా ఇలాగే. ఒక రెక్క మాత్రమే వేరుగా వస్తే దెబ్బ అక్కడుంది. కంచు రెక్కను చిన్న సుత్తితో తట్టితే గంటలా మోగాలి. ఒక రెక్క మాత్రం బొంగురుగా పలికితే పగులు కోసం వేరు దగ్గర వెతకండి.

వర్క్‌షాపుకు పంపితే "బ్యాలెన్స్ చేశాం" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. బరువు సమానంగా ఉన్నా, రెక్కల పిచ్ వేరువేరుగా ఉంటే ఒక్కో రెక్క ఒక్కోలా తోస్తుంది, వణుకు పోదు. ప్రతి రెక్క పిచ్‌ను కొన్ని వ్యాసార్థాల దగ్గర కొలిచిన కాగితం అడగండి. 80 సెంటీమీటర్ల నుంచి 2.5 మీటర్ల వ్యాసం వరకు ఉన్న ప్రొపెల్లర్లకు ఐఎస్‌ఓ 484 రెండో భాగం ఉంది. అందులో ఎస్, 1, 2, 3 అని తరగతులు ఉన్నాయి, ఎస్ అన్నిటికంటే కచ్చితమైనది. ఏ తరగతికి చేశారో అడిగే హక్కు డబ్బులిచ్చే మీకుంది.

తిరిగి బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు కీ దగ్గర, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద జారకుండా గాడిలో పెట్టే ముక్క దగ్గర. కీ ఎత్తు ఎక్కువైతే ప్రొపెల్లర్ టేపర్ (షాఫ్ట్ సన్నబడే కొస) మీద కూర్చోకుండా కీ మీద కూర్చుంటుంది, ఒక వెంట్రుక వంకరగా. ముందు కీ లేకుండా ప్రొపెల్లర్‌ను టేపర్ మీదికి తోసి, బాస్ (ప్రొపెల్లర్ మధ్య దిమ్మ) అంచు ఎక్కడికి వచ్చిందో షాఫ్ట్ మీద గీత పెట్టండి. తర్వాత కీ పెట్టి తోస్తే అదే గీతకు రావాలి. రాకపోతే కీ తగ్గించాలి. నీలిరంగు మార్కింగ్ పూసి తిప్పి చూస్తే టేపర్ ఎంతమేర తాకుతోందో కూడా కనిపిస్తుంది.

ఇక రెక్క కొనకు, పొట్టుకు మధ్య సందు. ప్రొపెల్లర్ వ్యాసంలో సుమారు 15 శాతం ఉండాలని సాధారణ లెక్క. 36 అంగుళాల ప్రొపెల్లర్‌కు దాదాపు ఐదున్నర అంగుళాలు. ఎక్కువ తోపు కోసం పెద్ద ప్రొపెల్లర్ వేయించుకున్న బోట్లలో ఈ సందు తరచూ చాలదు. ఫోనులో రెక్కల లెక్క దగ్గర శిఖరం లేచిందంటే టేపు పట్టుకుని ముందు ఇదే కొలవండి. చుక్కానిని కూడా చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి.

## ఔట్‌బోర్డ్ మోటార్లకు

ఫైబర్ తెప్పల మీద ఔట్‌బోర్డ్‌లకు పని తేలిక. ప్రొపెల్లర్ తీసి, దాని వెనుక నైలాన్ దారం చుట్టుకుందేమో చూడండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్ తీసేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ కొస తిన్నగా తిరుగుతోందో లేదో గమనించండి. కొస ఊగితే షాఫ్ట్ వంగింది. ఇంజన్ అరుస్తూ బోటు కదలకపోతే లోపలి రబ్బరు హబ్ జారుతోంది. హబ్ మీద, బయటి భాగం మీద కలిపి ఒక గీత గీసి నడిపి చూస్తే, జారిన హబ్ దగ్గర ఆ గీత రెండుగా విడిపోతుంది. మోటారును బోటుకు పట్టి ఉంచే బోల్టులు, మోటారు ఎత్తు కూడా చూడండి. ఎత్తు ఎక్కువైతే రెక్కలు గాలి పీల్చి దడదడలాడతాయి.

## మళ్లీ నీళ్లలో

ఒకసారికి ఒక్కటే మార్చండి. బుష్, ప్రొపెల్లర్, షిమ్‌లు ఒకేసారి మార్చి వణుకు పోతే ఏది జబ్బో తెలియదు. పోకపోతే ఏది కొత్త జబ్బో కూడా తెలియదు. స్లిప్‌వే ఖర్చు వల్ల పైన ఉండగా రెండు మూడు పనులు కలిపి చేయక తప్పదు, అది అర్థం చేసుకోగలను. కానీ కప్లింగ్‌ను మాత్రం విడిగా, నీళ్లలో దిగిన తర్వాతే చేయండి.

దింపాక ఫైబర్ బోటైతే ఒక రోజు, చెక్క బోటైతే రెండు రోజులు ఆగి కప్లింగ్ కొలవండి. తర్వాత మొదట వెళ్లిన చోటికే, అంతే డీజిల్‌తో వెళ్లి, ఫోనును అదే చోట అతికించి, అవే మెట్లలో అంకెలు వేయండి. పాత కాగితం పక్కన కొత్తది పెట్టి చూసి, రెండింటినీ బోటు పేపర్లతో పాటు ప్లాస్టిక్ కవర్‌లో దాచండి. మొదటి వేట నుంచి తిరిగొచ్చిన రోజు చేపలు దింపగానే, ఇంజన్ చల్లారాక, కప్లింగ్ బోల్టులు, ఇంజన్ కాళ్ల బోల్టులు ఒకసారి బిగువు చూడండి. కొత్త షిమ్‌లు, కొత్త చెక్క మొదటి పది పదిహేను గంటల నడకలో కాస్త కూర్చుంటాయి, ఒకటో రెండో బోల్టులు పావు చుట్టు తిరుగుతాయి.